బందరులో రేవెక్కడ?

బందరు నుంచి వచ్చానంటే మా ఇంట్లో ముందు చూసేది లడ్డూ డబ్బా కోసం. తర్వాత, మంగినపూడిలో మునిగావా అంటారు. గిలకలదిండి చేపల రేవు సంగతి ఎవరూ అడగరు. నేను ఈసారి వెళ్ళింది అక్కడికే.

బందరు అన్న పారశీక మాటకు అర్థమే ఓడరేవు. గోల్కొండ రాజ్యానికి ఇదే పెద్ద రేవు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషు కంపెనీ 1611లో ఇక్కడ దిగారు. కలంకారీ గుడ్డలు ఇక్కణ్ణుంచే పర్షియా దాకా పోయాయి. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు 30 వేల మందిని మింగింది. ఆ తర్వాత ఊరు మునుపటిలా లేచింది లేదు. చరిత్ర పుస్తకాలు కూడా అక్కడే మూట కట్టేస్తాయి, కంపెనీలు పోతే ఊళ్ళో ఎవరూ మిగల్లేదన్నట్టు!

మిగిలినవాళ్ళు తెల్లవారుజామున ఐదింటికే గిలకలదిండి గట్టు మీద ఉన్నారు. వరసగా తట్టలు, ఐసు బస్తాలు. బోట్లు మాత్రం మొగ అవతలే ఆగి ఉన్నాయి. మొగలో ఇసుక మేటేసింది. పోటు వస్తేగాని లోపలికి రాలేవు. ఓ బోటు తొందరపడి దూరబోయి అడుగు ఆనింది. నలుగురు కలాసీలు నడుం లోతు నీళ్ళలోకి దూకి భుజాలు ఆనించారు.

"చేపలకా బాబూ, చూట్టానికా?" అంది ఒకావిడ.

"చూట్టానికే."

"అయితే పక్కకి జరుగు, తట్ట తగులుద్ది."

జరిగాను. ఆవిడ బస్తాలోంచి కరిగిన నీళ్ళు నా చెప్పుల కింద నుంచే పారుతున్నాయి. వేలంపాట మొదలవకముందే పెట్టుబడి కారిపోతోందన్నమాట. గంటన్నర తర్వాత బోట్లొచ్చాయి. వంజరాలు, చందువలు దిగాయి, పాట అరగంటలో ముగిసింది.

కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. మంచిదే, పెద్ద ఓడలు రావాలి. కానీ నాలుగు శతాబ్దాల్లో ఈ ఊరిని వదలని ఓడలు ఈ చిన్నవే. వాటికి కావలసింది మొగలో కాస్త లోతు. ఒకసారి తవ్వి ఫొటో దిగితే చాలదు. సముద్రం మళ్ళీ ఇసుక తెచ్చి పోస్తుంది, మళ్ళీ తియ్యాలి. ఏటా బడ్జెట్లో దానికో పద్దు ఉండాలని నా వాదన.

మీరూ వెళ్ళండి. లడ్డూలు తిరుగు ప్రయాణంలో కొనుక్కోవచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం వద్దు, అది వేట నిషేధం.