గృహ నిర్వహణము: వేడిని తోడు యంత్రము

అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రమున క్రొత్త యిల్లు కట్టించుకొనుచున్న సోదరి యొకరు మాకు జాబు వ్రాసిరి. “వంటగది రాయి, గోడల రంగు మొదలగునవన్నియు నన్నడిగియే నిశ్చయించిరి. ఇంటిని వెచ్చబెట్టి చల్లబరచు యంత్రమును గూర్చి మాత్రము మావారును కంట్రాక్టరును మాటలాడుకొని ముగించిరి. అది హీట్ పంపట. చలికాలమంతయు మా అత్తగారును నెలల బిడ్డయు నాతో నింటనే యుందురు. దానిని నమ్మవచ్చునా?” అని యామె ప్రశ్న. పగలెల్ల నింట నుండువారి నడుగకయే ఇంటి గాలిని నిర్ణయించుట మాకును వింతగనే తోచినది.

నమ్మవచ్చును. కాని దాని స్వభావము నెరిగి నమ్మవలయును.

నీరు పల్లమెరుగు నందురు. వేడియు నంతే, వెచ్చని చోటినుండి చల్లని చోటికి తనంతట పోవును. పల్లపు నీటిని మెరకకు దెచ్చుటకు ఏతము కావలసినట్లు, వెలుపలి చలిగాలిలోని వేడిని ఇంటిలోనికి దెచ్చుట కీ యంత్రము కావలయును. చలిగాలిలో వేడి యెక్కడిదని సందేహింపవలదు. మంచు కురియు నాటి గాలిలోను కొంత యుండనే యుండును. గొట్టములలోని ద్రవము ఆ గాలికంటె చల్లనిదై, దాని వేడిని గ్రహించి ఆవిరి యగును. కంప్రెసరు ఆ యావిరి నదిమినపుడు అది మిక్కిలి వేడెక్కి, ఆ వేడిని ఇంటికిచ్చి మరల ద్రవమగును. ఫ్రిజ్ వెనుకనో ప్రక్కనో చేయి పెట్టి చూచినవారికి ఇది క్రొత్త గాదు. వేసవిలో ప్రవాహమును త్రిప్పిన, అదే యంత్రము ఇంటి వేడిని వెలుపలికి తోడివేయును. విలియం థామ్సన్ 1852లోనే ఈ యూహను వెల్లడించెను. 1938లో జూరిచ్ నగర సభాభవనమును లిమ్మట్ నదీజలములోని వేడితో వెచ్చజేసిరి.

విద్యుత్తు వేడిని పుట్టించుటకు గాక తోడుటకే వినియోగపడును గనుక, ఒక యూనిట్టు ఖర్చుకు సాధారణముగ మూడు యూనిట్ల వేడి లభించును. చలి ముదిరిన కొలది ఈ లాభము తగ్గును. అందులకే పలు యిండ్లలో సహాయముగ విద్యుత్తీగల చుట్టలను అమర్తురు. అవి యూనిట్టుకు యూనిట్టే యిచ్చును.

ఈ సంగతి మాకు తెలిసిన విధము చెప్పుటకు సిగ్గుగనే యున్నది. ఒక చలికాలమున మా కుమార్తె యింట నుంటిమి. పొదుపు చేయుచుంటిమను భ్రమతో రాత్రి వేడిని బాగుగ తగ్గించి, తెల్లవారుజామున నొక్కమారుగ హెచ్చించుచుంటిమి. పంపు అంత త్వరగ నందుకొనలేక ప్రతి యుదయమును ఆ తీగచుట్టలు వెలిగెడివట! నెల తిరుగగనే వచ్చిన బిల్లును జూచి అల్లుడు ఏమియు ననలేదు. అదియే మాకు కష్టముగ నుండెను. పిదప ఇరువది డిగ్రీలకు నిలిపి మీట ముట్టుట మానితిమి. మరియొక యుదయమున వెలుపలి యంత్రము విసనకర్ర నాపి తెల్లని పొగలు గ్రక్కగా, నిప్పంటుకొన్నదని ఇంటిల్లిపాదిని లేపితిమి. అది పొగ గాదు. తనపై పేరిన మంచును కరగించుకొనునప్పటి యావిరి. కొద్ది నిమిషములకే తగ్గినది. గ్యాసు కొలిమి గాలివలె దీని గాలి చేతికి వేడిగ తగులదు, గోరువెచ్చగ నుండును. అది లోపము గాదు.

ఇక కంట్రాక్టరు నడుగవలసినవి. పెద్ద యంత్రమైన మేలని యతడనిన నంగీకరింపవలదు. అవసరమునకు మించిన యంత్రము వేసవిలో గదిని త్వరగ చల్లబరచి యాగిపోవును. గాలిలోని తేమ మిగిలిపోవును. తేమ నిలిచినచోట బూజు పట్టును, పసిబిడ్డలకు దగ్గు తగులును. గంటకు 12,000 బీటీయూల వేడిని తోడుదానిని ఒక టన్ను అందురు. ఇన్ని చదరపుటడుగుల కొక టన్నను నోటి లెక్క గట్టిగ గట్టిన క్రొత్త యింటికి సరిపడదు. ప్రతి గదికిని విడివిడిగ వేసిన లెక్కను కాగితముపై చూపుమని యడుగవలయును. దానిని అచట మాన్యువల్ జె యందురు. గాలి గొట్టములు అటకమీద ఎండకును చలికిని గురికాకుండ ఇంటి లోపలనే పోవుట మేలు. అత్తగారు రాత్రి తలుపు మూసికొందురేని, ఆ గదిలోని గాలి మరలిపోవుటకు దారి యున్నదా? లేనిచో ఆ గది యొక్కటియే చల్లగ నుండిపోవును. వెలుపలి యంత్రము బిడ్డ పండుకొను కిటికీ క్రింద నుండరాదు.

ఆ రాష్ట్రమున మంచుగడ్డల వానలకు తీగలు తెగి విద్యుత్తు పోవుట కలదు. విద్యుత్తు లేనిచో హీట్ పంపు నడువదు. అట్టి రాత్రి బిడ్డను, పెద్దామెను ఏ గదిలో, దేనితో వెచ్చగ నుంచెదరో ముందే యోచించుకొనవలయును. ఇంటిలోపల బొగ్గుల కుంపటి మాత్రము పనికిరాదు. దాని విషవాయువు ప్రాణాంతకము.

గోడలకు పలకలు బిగించిన పిదప గొట్టములను మార్చుట దుర్ఘటము. ఆ సోదరి యింటికి ఇంకను పలకలు బిగింపలేదని జాబులో నున్నది. ఈ వారముననే అడుగుట మంచిది.