బంగళా చూపిస్తారు, గుడిసె దాస్తారు!

ఒకే ఊరు. ఒకే సంవత్సరం. రెండు ముచ్చట్లు.

అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, చార్లెస్టన్ నగరం. 2010 డిసెంబర్ 20 రాత్రి అక్కడ ఘనంగా ఒక విందు జరిగింది. ఆడవాళ్లు నేల ఊడ్చే గౌన్లు, మగవాళ్లు నూటయాభై ఏండ్ల కిందటి తీరు కోట్లు తొడుక్కొని వచ్చారు. టికెట్టు వంద డాలర్లు. ఆటా పాటా నాటకం. సందర్భం ఏమిటయ్యా అంటే, 1860లో అదే తేదీన అదే నగరంలో సౌత్ కరోలినా అమెరికా సమాఖ్య నుంచి విడిపోతూ తీర్మానం చేసింది. దానికి 150 ఏండ్ల పండుగట! బయట నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ వాళ్లు నిరసనకు దిగారు. లోపలివాళ్ల జవాబు ఒక్కటే. మా తాతల ధైర్యాన్ని తలుచుకుంటున్నాం గానీ బానిసత్వాన్ని కాదు అని.

అదే సంవత్సరం మే నెలలో, అదే నగరం పక్కనున్న మాగ్నోలియా తోటలో, జోసెఫ్ మెగిల్ అనే నల్లజాతి మనిషి పాత బానిస గుడిసెలో ఒక రాత్రి నేల మీద పడుకున్నాడు. విందు లేదు, టికెట్టు లేదు.

‘విడిపోవడం’ అన్న మాట వినగానే మనలో కొందరి చెవులు నిక్కపొడుచుకుంటాయి. ఆగండి. ఎవరు, దేనికోసం విడిపోయారన్నది ముందు చూడాలి. సౌత్ కరోలినా పెద్దలు ఆ డిసెంబర్‌లోనే తమ కారణాలు కాగితం మీద పెట్టారు. పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు పట్టి అప్పజెప్పడం లేదన్నది వాళ్ల గోస. బానిసత్వానికి ఎదురు మాట్లాడే మనిషి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడన్నది వాళ్ల భయం. అప్పుడు ఆ రాష్ట్ర జనాభాలో సగానికి పైగా బానిసలే. విడిపోదామా వద్దా అని వాళ్లనెవరైనా అడిగారా? ఇంత సాఫుగా రాసిపెట్టిపోయిన కాగితం ఉండగా, నూటయాభై ఏండ్ల తర్వాత మనుమలు ‘అది బానిసత్వం గురించి కాదు’ అంటే నమ్మడానికి మనం పిచ్చోళ్లమా?

ఇక్కడే ‘లివింగ్ హిస్టరీ’ బృందాల సంగతి మాట్లాడుకోవాలి. పాత కాలపు బట్టలు కుట్టించుకొని, పాత తుపాకులు పట్టుకొని, ఆ కాలపు వంట వండి, యుద్ధాలను మళ్లీ ఆడి చూపే వాలంటీర్ల బృందాలివి. ఎవరూ జీతమివ్వరు. సెలవు రోజుల్లో సొంత పైసలతో చేస్తారు. కష్టాన్ని తప్పుపట్టం. కానీ కోటు గుండీ ఇత్తడిదా కాదా అని గంటలు గంటలు కొట్లాడుకునే పెద్దమనుషులు, ఆ పత్తి ఎవరు తెంపారన్న ముచ్చట వచ్చేసరికి ‘మాకు రాజకీయాలొద్దు’ అంటారు. అదే అసలైన రాజకీయం.

మెగిల్ కూడా అలాంటి బృందం మనిషే. కాకపోతే ఆయన తొడుక్కునేది 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ యూనిఫాం. 1863లో నల్లజాతి మనుషులతో కట్టిన పటాలం అది. ఆ జూలై 18న చార్లెస్టన్ రేవు దగ్గరి వాగ్నర్ కోట మీదికి దాదాపు 600 మంది ఉరికారు. సగానికి కాస్త తక్కువ మంది చచ్చారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు. వాళ్ల తెల్ల కర్నల్ రాబర్ట్ షాను నల్లవాళ్లతో కలిపి ఒకే గుంతలో పాతిపెట్టారు. అది అవమానమనుకున్నారు శత్రువులు. కన్న తండ్రి మాత్రం కొడుకును అక్కడే ఉండనివ్వమన్నాడు.

ఇదంతా ‘గ్లోరీ’ సినిమా చూసినవాళ్లకు తెలిసిందే. ఉద్యోగులైన మన పాఠకులు చూడాల్సింది జీతం కథ. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10, అందులోనూ బట్టల కింద 3 డాలర్ల కోత. అంటే చేతికొచ్చేది 7. తూటా మాత్రం ఇద్దరికీ ఒకటే. 54వ పటాలం ఏం చేసింది? అసలు జీతమే ముట్టలేదు! తక్కువైనంత మేం కలిపిస్తామని మసాచుసెట్స్ రాష్ట్రం ముందుకొచ్చినా వద్దన్నది. ఇస్తే సమానంగా ఇవ్వండి, లేకుంటే మానండి అన్నది. ఇండ్ల దగ్గర పెండ్లాం పిల్లలు పస్తులున్నారు. పద్దెనిమిది నెలలు అట్లనే యుద్ధం చేశారు. 1864 జూన్‌లో కాంగ్రెస్ దిగొచ్చి సమాన జీతం చట్టం చేసింది. కోటు తొడుక్కొని జనం ముందు నిలబడితే చెప్పాల్సింది ఈ కథ.

అయితే ఈ ‘లివింగ్ హిస్టరీ’ని ఎవరో తెల్ల బాబులు సరదాకు కనిపెట్టారనుకుంటే పొరపాటు. 1865 ఫిబ్రవరిలో చార్లెస్టన్ లొంగిపోయింది. నెల తిరగ్గానే, మార్చి 21న, విడుదలైన బానిసలు వేలమంది ఊరేగింపు తీశారు. అందులో ఒక బండి మీద వేలంపాట గద్దె. దాని మీద ఆడవాళ్లు, పిల్లలు. పక్కన నిలబడి ‘ఎంతకు పాడతారు’ అని అరిచే వేలందారు వేషగాడు. బండి వెనక తాడుకు కట్టిన మగవాళ్లు. ఆ వెనక పాడె బండి. బానిసత్వం చచ్చిందని దాని మీద రాత. ఆ గద్దె మీద బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు రోడ్డు పక్కన నిలబడి ఆ వేషం చూసి ఘొల్లుమన్నారు. ఏ విశ్వవిద్యాలయమూ వాళ్లకు నేర్పలేదు. మన ఒగ్గు కథకూ చిందు భాగోతానికీ ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారు?

ఆ ఊరేగింపును తర్వాత పద్ధతిగా మరిచిపోయారు. 1961లో అంతర్యుద్ధ శతజయంతి వచ్చింది. యుద్ధాలను మళ్లీ ఆడే మోజు ఊపందుకున్నది అప్పుడే. ఆ ఏప్రిల్‌లో జాతీయ కమిషన్ సమావేశం ఎక్కడ పెట్టారు? ఇదే చార్లెస్టన్‌లో. న్యూజెర్సీ నుంచి వచ్చే నల్లజాతి ప్రతినిధికి హోటల్లో గది ఇవ్వమన్నారు. అధ్యక్షుడు కెన్నెడీ కలగజేసుకుంటే సమావేశాన్ని నౌకాదళ స్థావరానికి మార్చాల్సి వచ్చింది. బానిసత్వం పోయిన యుద్ధానికి నూరేండ్ల పండుగ చేస్తూ, ఆ బానిసల మనుమరాలికి పడుకోను మంచం లేదన్నారు! అదే ఏడాది సౌత్ కరోలినా శాసనసభ భవనం మీద బానిస యజమానుల జెండా ఎగిరింది. 2000లో గుమ్మటం దిగి ఆవరణలోకి వచ్చింది. అక్కడి నుంచి కూడా పోవడానికి 2015 జూన్‌లో చార్లెస్టన్ చర్చిలో ఒక తెల్ల ఉన్మాది తొమ్మిది మంది నల్లవాళ్లను కాల్చి చంపాల్సి వచ్చింది. చరిత్ర వేషాలు ఉత్త కాలక్షేపమనేవాళ్లు ఈ లెక్క చెప్పాలి.

మెగిల్ ఇప్పటికి వందకు పైగా చోట్ల అట్లా పడుకున్నాడు. మొదట ఒంటరిగా. తర్వాత బానిసల వారసులూ, యజమానుల వారసులూ వచ్చి కలిశారు. మంట చుట్టూ కూర్చొని రాత్రంతా మాట్లాడుకుంటారు. మరోవైపు అట్లాంటి గుడిసెలకే ఏసీలు పెట్టి, విలాసపు బసగా అద్దెకిచ్చే వ్యాపారమూ నడిచింది. 2022లో మిసిసిపీలోని ఒక గుడిసె ప్రకటన బయటపడి గొడవయ్యాక అద్దె కంపెనీ క్షమాపణ చెప్పుకున్నది.

మన దగ్గరా గడీలున్నాయి. సున్నాలేసి, దీపాలు పెట్టి, చూడ రమ్మంటున్నారు. సంతోషం. వెట్టి చేసినవాళ్లు నిలబడ్డ తావు ఎక్కడుందో కూడా చూపిస్తారా అని అడుగుదాం.

చార్లెస్టన్ పాత గోడల దగ్గర మెగిల్ వచ్చినవాళ్లను ఆపి ఇటుకలు చూపిస్తాడు. పచ్చి మట్టి మీద నొక్కుకుపోయిన వేలిముద్రలున్నాయి కొన్నింటి మీద. చిన్నవి. పిల్లలవి.