స్విమ్మింగ్ పూల్లో బగ్గు

మొన్న శనివారం తెలిసినవాళ్ళింటికి భోజనానికెళ్తే, మాటల్లో నా ఆగస్టు డ్యూటీ సంగతి బయటపడింది. మా కాంప్లెక్సు స్విమ్మింగ్ పూల్లో ఆకులూ చెత్తా ఆగే బుట్ట ఒకటుంటుంది కదా, అది దులిపి పురుగులేమైనా చిక్కాయా అని చూస్తుంటాను. ఇక ఒకటే నవ్వులు. "టాక్సులు కడుతున్నాంగా బాసూ, గవర్నమెంటు చూసుకోదా?" అని ఒకాయన. "ఓ కెమెరా పెట్టి మోడల్ ట్రెయిన్ చేస్తే పోలా?" అని ఇంకో మహానుభావుడు. అక్కడ మర్యాదకి నేనూ నవ్వేసి ఊరుకున్నా. ఇక్కడ ఆ మొహమాటం లేదు.

నేను వెతికేది ఏషియన్ లాంగ్‌హార్న్డ్ బీటిల్ కోసం. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, తెల్లమచ్చలు, ఒంటికన్నా పొడుగు మీసాలు. చైనా నుంచి సరుకులొచ్చే చెక్కపెట్టెల్లో దిగబడింది. అమెరికాలో 1996లో న్యూయార్క్‌లో మొదట బయటపడింది. దీని పిల్లపురుగు మేపుల్ కాండంలోకి తొలుచుకుపోయి లోపల్నుంచి తింటుంది. చెట్టు పైకి నిక్షేపంలా ఉంటుంది. చివరికి పెన్సిలు పట్టేంత గుండ్రటి కన్నం చేసుకుని పురుగు బయటికొస్తుంది. అది పట్టిన చెట్టుని కొట్టి తుక్కు చెయ్యాల్సిందే.

మాసచూసెట్స్‌లో వూస్టర్ అని ఊరుంది (స్పెల్లింగు చూసి అలా పలికినవాడికి వీరతాడు). 2008లో అక్కడ దీన్ని కనిపెట్టింది ఏ అధికారో కాదు, వింత పురుగుని చూసి కబురుచేసిన ఓ మామూలు మనిషి. అప్పటికే అది పదేళ్ళుగా ఆ ఊళ్ళో కాపురముందని తేలింది. ముప్ఫై వేలకి పైగా చెట్లు కొట్టేశారు. నీడకి పేరుపడ్డ వీధులు బోడిగుళ్ళయిపోయాయి. అదే పురుగు 2010లో బోస్టన్‌లో ఆరు చెట్ల దగ్గరే దొరికిపోయింది. రాష్ట్రం అదే, పురుగూ అదే. వూస్టర్ గోల విని జనం కళ్ళు తెరుచుకున్నారు, అంతే తేడా.

ఇప్పుడు చెప్పండి, గవర్నమెంటు ఉద్యోగి మీ పెరట్లోకి ఏడాదికి ఎన్నిసార్లు రాగలడు?

కెమెరా బాబుకి ఇంకో కథ. కనెక్టికట్‌లో 2012లో ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే మరో చెట్లచావు పురుగు మొదట దొరికింది ఓ కందిరీగ పుణ్యమా అని! ఆ స్థానిక కందిరీగ బేస్‌బాల్ గ్రౌండుల ఇసుకలో బొరియలు చేసుకుని, ఈ జాతి పురుగుల్ని వేటాడి తెచ్చుకుంటుంది. మనుషుల జోలికి రాదు. వాలంటీర్లు వలలు పట్టుకుని ఆ బొరియల దగ్గర కూర్చుని, అదేం తెస్తోందో చూస్తారు. కందిరీగకి జీపీయూ అక్కర్లేదు. ఎండలో కూర్చునే మనిషి మాత్రం కావాలి.

తెలిసీ తెలియనివాళ్ళు తప్పుడు రిపోర్టులు పంపరా అంటే, పంపుతారు. నేనే పంపాను. పైన్ చెట్ల మీదుండే సాయర్ అనే లోకల్ పురుగు అచ్చం ఇలాగే ఉంటుంది, రెక్కలు కలిసేచోట ఓ తెల్లచుక్క తప్ప. నా ఫోటో చూసి "కాదు, కానీ పంపుతూ ఉండండి" అని జవాబిచ్చారు. అయ్యిందెంత? ఒక ఈమెయిలు. అర్ధరాత్రి దొంగ అలర్టుకి లేచి లాగ్‌లు చూసే మనం, ఆ ఖర్చుకి గుండెలు బాదుకుంటే ఎలా?

ఏమీ దొరక్కపోయినా, లేదని రాసి పంపుతాను. 2014లో బోస్టన్‌లో ఈ పురుగు ఇక లేదని ప్రకటించగలిగారంటే, నాలుగేళ్ళు వెతికి వెతికి "లేదు" అనిపించుకున్నాకే.

అన్నట్టు, మొన్న భోజనం పెట్టినాయన పెరట్లో రెండు మేపుల్ చెట్లున్నాయి. వచ్చేటప్పుడు ఫోను టార్చి వేసి చూశాను. కన్నాలేం లేవు. ఆయనకి చెప్పలేదు లెండి, మళ్ళీ నవ్వుతారు.