గ్రామసభకు రండి! మాట్లాడండి! రాయించండి!

కోడూరు, మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట... నెల్లూరు తీరాన ఉన్న ప్రతి ఊరి యువతకూ విజ్ఞప్తి

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

పట్టపుపాలెంలో కాపులు (ఊరి పెద్దలు) దురాయి (కట్టుబాటు) వేస్తే దాటేవాడు లేడు. నలుగురి ముందూ తేల్చిన మాట కాబట్టే దానికంత విలువ. కానీ ఇవాళ మన బతుకుల్ని మార్చే నిర్ణయాలు పాలెంలో జరగడం లేదు. పోర్టు ఎంతమేర పెరగాలో, రొయ్యల గుంటల నీళ్లు ఏ కాలవలో కలవాలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపిన ఇంటికి భృతి ఎప్పుడు పడాలో, కాలేజీకి పోయే పిల్లలకు బస్సు ఏ వేళకు రావాలో అన్నీ ఆఫీసు కాగితాల మీద తేలిపోతున్నాయి. ఆ కాగితాల్లో మన మాట లేదు. తమిళనాడు నుంచి వచ్చే సోనాబోట్ల మీద వాట్సాప్‌లో ఎంత తిట్టుకున్నా ఆ తిట్టు ఏ ఫైలుకూ ఎక్కదు.

"మన మాట ఎవరింటారులే" అంటారా? దూబగుంట మన జిల్లాలోదే. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రిబడిలో పలక పట్టిన ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఊరూరా ఆడవాళ్లు కదిలి సారా వేలంపాటలకు అడ్డం నిలిచారు. సారా రాబడి మీద ఖజానా నడుస్తున్న రోజుల్లోనే, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. వాళ్లకు పదవుల్లేవు, డిగ్రీల్లేవు. మీకు చదువుంది, చేతిలో ఫోనుంది, పద్దెనిమిదేళ్లకే ఓటుంది.

ఏం చేయాలి?

1. ఓటరుగా చేరండి. పదిహేడు నిండితే ముందుగానే ఫారం 6 ఇవ్వొచ్చు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే.

2. గ్రామసభలో లేచి అడగండి. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న పంచాయతీల వచ్చే ఏటి ప్రణాళిక పని మొదలవుతోంది. "మా ఊళ్లో సమస్యలున్నాయి" అంటే ఎవరూ రాసుకోరు. "పాలెం నుంచి హైస్కూలు దాకా లైట్లు లేవు, చీకటిపడితే ఆడపిల్లలు ట్యూషన్ మానేస్తున్నారు, పది స్తంభాలకు లైట్లు వేయాలి" అనండి. అది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూశాకే సంతకం పెట్టండి. చెల్లెళ్లూ, అది మగవాళ్ల పంచాయితీ కాదు. ముందు వరసలో కూర్చోండి.

3. లెక్క అడగండి. సమాచార హక్కు చట్టం, 2005 కింద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు. పోయినేడు చేసిన తీర్మానాల్లో ఎన్ని పనులయ్యాయో, ఎంత ఖర్చు రాశారో అడగండి.

4. ప్రజాభిప్రాయ సేకరణకు కదలండి. పోర్టు లాంటి ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కోసం ఈ సభ పెడితే 30 రోజుల ముందే పేపర్లో ప్రకటన ఇవ్వాలి. దానికి కోరం లేదు. మనం పోకపోయినా సభ జరిగినట్టే లెక్క! జనం చెప్పినవన్నీ రాసుకుని, చివర్లో మన భాషలో చదివి వినిపించాలి. చదివేదాకా కుర్చీలోంచి లేవకండి. మీ మాట వదిలేస్తే అక్కడే అడిగి చేర్పించండి.

ఒక్క తీర్మానంతో అన్నీ మారిపోతాయని మేం చెప్పడం లేదు. కానీ సోమవారం కలెక్టరేటులో అర్జీ ఇచ్చినా, రేపు కోర్టు మెట్లెక్కినా "అప్పుడెందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న వస్తుంది. "చెప్పాం, ఇదిగో తీర్మానం నకలు" అనగలిగినవాడి మాట నిలుస్తుంది.

ఈ వారమే ఊరికి పదిమంది కూర్చోండి. మూడంటే మూడు కోరికలు రాయండి. వచ్చే గ్రామసభ ఎప్పుడో పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఆ రోజు వేటకు పోయే అన్నలను, గుంటల మీద కూలికి పోయే అక్కలను కూడా వెంటబెట్టుకు రండి.

మన తీరం! మన తీర్మానం!
మాట్లాడదాం! రాయిద్దాం! సాధిద్దాం!

ఇట్లు,
తీర గ్రామాల యువత