గాలి విసురు లెక్క వేరు

ఏప్రిల్, మే నెలలొచ్చాయంటే కలికిరి, మదనపల్లె వైపు మామిడి తోటలున్నవాళ్లకి సాయంత్రాలు గుబులుగానే గడుస్తాయి. మధ్యాహ్నం దాకా మాడ్చిన ఎండ నాలుగింటికల్లా మబ్బుల చాటుకి పోతుంది. పది నిమిషాల గాలివాన చాలు, ఏడాది కాపు నేలపాలు. టమాటా తోటలో పాతిన కట్టెలు చెట్లతో సహా ఒరిగిపోతాయి. రాలిన పచ్చికాయకు పలికే ధర సంగతి చెప్పుకోకపోవడమే మేలు. మరి వాతావరణ శాఖ ముందే చెబుతోంది కదా? చెబుతోంది. చిక్కంతా ఆ అంకెల్ని చదవడంలోనే.

తుపాను రోజుల్లో 'గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో గాలులు, అప్పుడప్పుడు 60' అని వార్తల్లో వింటాం. చాలామందికి మొదటి అంకే గుర్తుంటుంది. అది కొన్ని నిమిషాల సగటు. గాలి ఒకే తీరున వీచదు, మధ్యమధ్య కొన్ని సెకన్లపాటు విసిరికొడుతుంది. ఆ విసురు వేగమే 60. కొమ్మ విరిచేదీ, రేకు లేపేదీ అదే. పైగా వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగు రెట్లవుతుంది. 30 కిలోమీటర్ల గాలికి నిలిచిన కట్టె 60కి కూలిపోయిందంటే కట్టెను తప్పుపట్టలేం. అన్నట్టు, ఎండాకాలపు ఉరుముల వానకిచ్చే హెచ్చరికలో 'ఈదురుగాలులు 40-50' అని మాత్రమే ఉంటే అది విసురు లెక్కే.

ఈ వేగాలన్నీ చెట్టూ గోడా అడ్డం లేని చోట, నేలకు 10 మీటర్ల ఎత్తున ఉండే గాలివి. మోకాలెత్తు పైరు దగ్గర గాలి తగ్గుతుంది. రెండు గుట్టల మధ్య సందులోనైతే పెరుగుతుంది. 2025 మేలో మొదలైన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్' దేశాన్ని 6 కిలోమీటర్ల గడులుగా విడదీసి అంచనా కడుతుంది. అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. ఎంత మెరుగైనా మన పొలం పక్క గుట్ట దాని కంటికి ఆనదు. ఆ దిద్దుబాటు రైతు చేసుకోవాల్సిందే.

దిక్కు విషయంలోనూ తికమకే. నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వచ్చేది, అటు పోయేది కాదు. ఫోన్‌లో కనిపించే బాణం మాత్రం చాలా యాప్‌లలో గాలి పోయే వైపు చూపిస్తుంది. తుపాను రోజుల్లో దిక్కు తెలిస్తే ఇంకో లాభం. గాలికి వీపు పెట్టి నిలబడితే వాయుగుండం ఇంచుమించు ఎడమచేతి వైపున ఉంటుంది. 2020 నవంబరులో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. కలికిరికి అది దక్షిణ ఆగ్నేయం. అలాంటి తుపాను వచ్చేటప్పుడు ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది.

ఏ పరికరమూ లేకపోతే? బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో సముద్రం మీద వాడటానికి వేసిన కొలమానం తర్వాత నేల మీదికీ వచ్చింది. ఆకులు గలగలమంటే గాలి 6 నుంచి 11 కిలోమీటర్లు. దుమ్మూ కాగితాలూ లేస్తే 20 నుంచి 28. మందు కొట్టే పని అప్పుడు ఆపేయాలి, మన మందు పక్కవాళ్ల చేను చేరుతుంది. చెట్టుకు చెట్టే ఊగితే 50 నుంచి 61. రెమ్మలు విరిగితే 62 దాటినట్టే.

ఉరుముల వాన ఏ ఊరి మీద విరుచుకుపడుతుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు. చెన్నై, శ్రీహరికోటల్లోని రాడార్లు మబ్బును పట్టాక, రెండు మూడు గంటల ముందు హెచ్చరిక వస్తుంది. కట్టెలు బిగించడానికీ, అరటికి నీళ్లు ఆపడానికీ ఉన్న వ్యవధి అదే. తడి నేలలో అరటి తొందరగా పడిపోతుంది మరి.

ఇక ఉక్కపోతలో ఉన్నట్టుండి దిక్కు మారి, మట్టి వాసనతో చల్లగాలి ముఖానికి తగిలిందంటే హాయి అనుకోకూడదు. మబ్బులోంచి జారిన చల్లగాలి నేలను తాకి నాలుగు దిక్కులా పరుచుకుంటోందన్నమాట. పెద్ద విసురు నిమిషాల్లో అందుకుంటుంది. వెనకే పిడుగులూ ఉండొచ్చు. అప్పుడు రాలిన కాయలు ఏరడానికి చెట్ల కిందికి ఎవర్నీ పంపకూడదు. ఉన్నవాళ్లని పిలిచి పక్కా ఇంట్లో కూర్చోబెట్టాలి.