పది రూపాయల చట్టం, పార్కులో పోలీసు

ఒకనాటి పోర్ట్ బ్లెయిర్, 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం. అక్కడి సముద్రపుటొడ్డున ఉన్న ఒక పార్కులో ఎవరైనా మెటల్ డిటెక్టర్‌తో నేల తడుముతూ కనిపిస్తే పోలీసు రాక తప్పదు. ఎవరి అనుమతితో ఈ పని అని ఆయన అడగకా తప్పదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఏ చట్టం కింద అడుగుతున్నారన్న ఎదురు ప్రశ్నకు సూటిగా జవాబు దొరకడం కష్టం. భూమిలోని పాత వస్తువులను గురించి దేశంలో మూడు ప్రధాన చట్టాలు ఉన్నాయి: 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం, 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 1972 నాటి పురావస్తువుల చట్టం. వీటిలో ఏదీ ఆ యంత్రం పేరెత్తదు. చట్టం మౌనం వహించిన చోట అనుమానమే శాసనమై కూర్చుంటున్నది.

అనుమానానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ 2001 నుంచి ఆ దీవుల్లోనే ఉన్నది. ఆదిమ తెగల రక్షణ కోసం 1956 నుంచి ప్రత్యేక నిబంధనలు అమలులో ఉన్నాయి. పైగా అక్కడి మట్టి మామూలు మట్టి కాదు. 1858లో మొదలైన ఖైదీల వలస, 1906 నాటికి పూర్తయిన సెల్యులార్ జైలు, 1942 నుంచి 1945 వరకు సాగిన జపాన్ ఆక్రమణ, అన్నీ ఆ నేలలో పొరలుగా పడి ఉన్నాయి. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, తరువాత తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అటువంటి వారి చరిత్రకు సాక్ష్యమైన నేలను సరదా కోసం గుంటలు పెట్టడం తప్పే. పాత వస్తువు దొరికిన చోటు చెదిరితే దాని చరిత్రలో సగం పోతుంది.

అయితే తప్పుకు శిక్ష చట్టం ప్రకారం పడాలి. ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపం దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1878 నాటి ఆ పది రూపాయలు నేటికీ పది రూపాయలే! మూడేళ్లకు లోబడిన శిక్షగల ఇటువంటి నేరం సాధారణంగా నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు వారంటు లేకుండా అరెస్టు, ఆయన ఆదేశం లేకుండా దర్యాప్తు కుదరవు. సంరక్షిత కట్టడాల వద్ద నిబంధనలు వేరు, కఠినం కూడా. మామూలు పార్కునూ రక్షిత కట్టడాన్నీ ఒకే గాటన కట్టే అధికారం మాత్రం ఏ ఠాణాకూ లేదు.

పౌరుడి చేతిలో యంత్రం చూసి ఉలిక్కిపడే రాజ్యం తానేమి చేసింది? 2013 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేరాలో, వెయ్యి టన్నుల బంగారం ఉన్నదని ఒక సాధువు కల కంటే, కేంద్ర పురావస్తు శాఖ గునపం పట్టింది. బంగారం దొరకలేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో గుప్త నిధుల కోసం అధికార యంత్రాంగమే తవ్వకాలు జరిపించింది. ఏలినవారి ఆశకు అనుమతి పత్రం దొరుకుతుంది. సామాన్యుడి ఆసక్తికి దొరికేది ఠాణా బెంచీ. చట్టం ముందు సమానత్వమంటే ఇదేనా?

కనుక పోలీసు ఎదురైనప్పుడు పౌరుడు తన బాధ్యతనూ హక్కునూ కలిపి గుర్తుంచుకోవాలి. యంత్రం ఆపాలి, తవ్వడం మానాలి. పేరు, చిరునామా నిజంగా చెప్పాలి. నాన్ కాగ్నిజబుల్ నేరంలో సైతం అవి దాచినవాడిని అరెస్టు చేసే అధికారం నాగరిక్ సురక్షా సంహిత 39వ సెక్షన్ ఇస్తున్నది. తూటా వంటిది కనబడితే తాకకుండా తానే పోలీసుకు చూపాలి. అదే సంహిత పోలీసునూ కట్టడి చేస్తున్నది. అరెస్టుకు కారణం చెప్పాలని 47వ సెక్షన్, సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలని 105వ సెక్షన్ నిర్దేశిస్తున్నాయి. అరెస్టయిన వ్యక్తిని ఇరవై నాలుగు గంటలలోగా మేజిస్ట్రేటు ముందు నిలపాలన్నది రాజ్యాంగం 22వ అధికరణం. యంత్రం తీసుకుంటే జాబితా అడగడం ధిక్కారం కాదు. గొంతు పెంచకుండా అడిగినా హక్కు హక్కే.

అనుమతితో కూడిన ఆసక్తి దేశభద్రతకు శత్రువు కాదని ఆ దీవులే ఒకసారి నిరూపించాయి. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం, భారతీ ప్రసాద్ నాయకత్వంలో, అనుమతి పొంది 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో హామ్ రేడియో నడుపుతున్నది. డిసెంబరు 26న సునామీ విరుచుకుపడి ఫోన్లు మూగబోయినప్పుడు దీవుల క్షేమ సమాచారాన్ని బయటి ప్రపంచానికి చేర్చినవారిలో ఆ బృందం ముందున్నది. ఆ రేడియోను కూడా అనుమానంతోనే ఆపి ఉంటే?

ఇంగ్లండు 1979లోనే రక్షిత ప్రదేశాల్లో మెటల్ డిటెక్టర్ వాడకానికి లిఖిత అనుమతి తప్పనిసరి చేసింది. 1997 నుంచి, సామాన్యులకు దొరికిన పాత వస్తువులను నమోదు చేసే పథకం నడుపుతున్నది. నిషేధం ఎక్కడో, అనుమతి ఎక్కడో అక్కడ కాగితం మీద ఉన్నది. అండమాన్ పాలనాయంత్రానికి అంతపాటి కాగితం అసాధ్యమా? ఏ పార్కులో వాడరాదు, ఎక్కడ ఎవరి అనుమతి కావాలి, దొరికిన వస్తువును ఎవరికి అప్పగించాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబుతో పార్కు గేటు వద్ద ఒక బోర్డు చాలు. నిషేధమే మేలనుకుంటే నిషేధించండి. అయితే రాసి నిషేధించండి. రాయని నిషేధాన్ని లాఠీతో అమలు చేయడం సెల్యులార్ జైలు కట్టినవారి పద్ధతి. ఆ జైలును స్మారకంగా నిలుపుకున్న దేశానికి అది తగదు.