మా శవమే మాకు సాక్ష్యమా?

మెండోర నుంచి ఆర్మూర్ పోయి యుద్ధం సినిమాలు మేమూ చూశాం. పసుపు తవ్విన కూలి డబ్బులతో, బీడీలు చుట్టిన అమ్మీలు కొంగున ముడేసిన డబ్బులతో టికెట్లు కొన్నాం. 1997లో 'బోర్డర్' వస్తే అందరితో పాటు ఈలలేశాం. ఆట వదిలాకే మాకు అసలు పరీక్ష. "నిజం చెప్పు భాయ్, మీరెటు దిక్కు?" అని దోస్తులే నవ్వుతూ అడిగేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం. ఏం మింగి నవ్వామో మాకే తెలుసు.

ఇట్లాంటి సినిమాల్లో ముసల్మాన్ సిపాయి వచ్చాడంటే నమాజు చదవాలి, దేశం మీద ఒక డైలాగు చెప్పాలి, క్లైమాక్సు కల్లా చావాలి. మిగతావాళ్ళకు దేశభక్తి పుట్టుకతోనే ఉంటుందట. మాది మాత్రం శవమై రుజువు చేసుకోవాలి!

అసలు కాల్బలం సిపాయి బతుకు ఏ తెర మీద ఉంది? తెల్లారక ముందే లేవడం, రైఫిలు తుడవడం, మోర్చాలు తవ్వడం, ఇసుక బస్తాలు మోయడం, రాత్రంతా పహరా కాయడం, సెలవు చీటీ కోసం ఎదురుచూడడం. బూటులో బొబ్బలు, ఇంటి మీద బెంగ. అది కూలివాడి బతుకే. కూలివాడి బతుకుకు ఎవడు ఈల వేస్తాడు?

మన తెలుగు సిపాయి సంగతే చూడండి. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, 19,600 అడుగుల ఎత్తున, మంచుచరియ విరిగిపడి 19వ మద్రాస్ పటాలం వాళ్ళు పదిమంది కూరుకుపోయారు. అందులో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లె బిడ్డ ముస్తాక్ అహ్మద్ ఒకడు. శత్రువు కాల్చలేదు. 2003 నవంబరు నుంచే అక్కడ కాల్పుల విరమణ ఉంది. అక్కడి సిపాయి రోజూ గుడారం మీది మంచు పారతో తోడాలి, నడుముకు తాడు కట్టుకుని నడవాలి, మంచు కరిగించుకుని తాగాలి, వేళ్ళు కుళ్ళిపోకుండా కాచుకోవాలి. ఆ పని చేస్తూనే ముస్తాక్ పోయాడు. ఆ మంచు పదిమందినీ తేడా లేకుండా బలి తీసుకుంది.

ఇక్కడ మా తప్పూ ఒప్పుకుంటాం. ఎవరు నిలదీసినా అబ్దుల్ హమీద్ పేరు చెప్పి బయటపడ్డాం. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర ట్యాంకులను పేల్చి పరమవీరచక్ర పొందిన ఆయన ఒక దర్జీ కొడుకు, కంపెనీ సామాన్ల లెక్కలు చూసే హవల్దారు. ఆ మనిషిని మేము జేబులో గుర్తింపు కార్డు చేసుకుని తిరిగాం. కార్డు చూపించామంటే అడిగేవాడి అధికారాన్ని ఒప్పుకున్నట్టే కదా!

పోనీ, కార్డు చెల్లిందా? సైన్యంలో దాదాపు 30 ఏళ్ళు పనిచేసి వచ్చిన మహమ్మద్ సనావుల్లాను 2019లో అస్సాంలో విదేశీయుడన్నారు, నిర్బంధ శిబిరంలో పెట్టారు. హైకోర్టు బెయిలిస్తే గాని బయటికి రాలేదు.

సిపాయి మీద అంత ప్రేముంటే 2022లో వచ్చిన అగ్నిపథ్‌ను అడగండి. నాలుగేళ్ళ తర్వాత నలుగురిలో ముగ్గుర్ని ఇంటికెందుకు పంపుతారని అడగండి. మమ్మల్ని మాత్రం అడగకండి. ముస్తాక్ పేరును మేము సర్టిఫికెట్‌గా చూపించం. మా వాళ్ళు ఈ మట్టిలో పసుపు తవ్వారు, ఈ మట్టిలోనే పడుకున్నారు. ఎటు దిక్కని ఇంకెవరూ మమ్మల్ని అడగొద్దు. అడిగినా జవాబు చెప్పం.